విల్లుకు పాముతోలు వేషం: ఎన్ని గ్రాముల ముచ్చట?

చేత్తో చేసిన 45 పౌండ్ల విల్లుతో వేసే బాణం బరువు సుమారు 32 గ్రాములు. అదే విల్లు వీపున పాముచర్మం అచ్చు ఉన్న రెక్సిన్ అంటిస్తే, జిగురుతో కలిపి ఆ అలంకారమే 22 గ్రాములు తూగుతుంది. బాణంలో మూడింట రెండు వంతుల బరువును వింటి మీద ఊరికే ఎక్కించినట్టన్నమాట. బాణం వెళ్తే వెళ్లిపోతుంది. ఈ 22 గ్రాములు మాత్రం అక్కడే తిష్ఠ వేసుకుని, ప్రతి బాణానికీ అందాల్సిన శక్తిలో తమ వాటా లాక్కుంటూనే ఉంటాయి.

విల్లుకూ పాముకూ చుట్టరికం మనకు కొత్త కాదు. త్రిపుర సంహారంలో శివుడికి మేరు పర్వతం విల్లయితే వాసుకి అల్లెతాడు. కర్ణుడి నాగాస్త్రం కథ తెలియని తెలుగు ఇల్లుండదు. అయితే పాము తోలు ఒలిచి వింటి వీపున అంటించే అలవాటు మాత్రం మనది కాదు. అది ఉత్తర అమెరికాలో రాటిల్‌స్నేక్ తోలుతో పుట్టిన ముచ్చట. 1992లో ‘ట్రెడిషనల్ బోయర్స్ బైబిల్’ మొదటి సంపుటం వచ్చాక చేత్తో విల్లు చేసే సరదా అక్కడ బాగా పాకింది, దాని వెంటే పాముతోలు మోజూ పాకింది. ఇప్పుడు ఫొటోలు, వీడియోలు చూసి మనవాళ్లూ ఆ పొలుసుల నిగనిగ కావాలంటున్నారు. అసలు తోలు కుదరదు కాబట్టి నకిలీ.

హైదరాబాద్ మలక్‌పేటలో కూర్చుని ఆ ముచ్చట తీర్చుకోవాలంటే ఏది వాడాలి, ఏది వాడకూడదు, దేనికెంత మూల్యం చెల్లించాలి అన్నదే ఈ కథనం. సమాధానం ముందే చెప్పేస్తున్నా. గెలిచేది సీటు కవర్ల దుకాణంలోని సరుకు కాదు, ఉల్లిగడ్డల గంజ్‌లో ఖాళీ చేసి పారేసే వల సంచి.

3 నుంచి 7 ఏళ్లు

అసలు తోలు సంగతి ముందు తేల్చేద్దాం. వన్యప్రాణి (సంరక్షణ) చట్టం 1972లో వచ్చింది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కొండచిలువతో పాటు నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు కూడా మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఆ షెడ్యూల్లోని ప్రాణి విషయంలో నేరం రుజువైతే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. మలక్‌పేట వాళ్లకు చంచల్‌గూడ జైలు ఎంత దగ్గరో వేరే చెప్పాలా!

ఒకప్పుడు మన దేశం నుంచి పాముతోళ్లు ఓడలకెక్కి విదేశాలకు పోయేవి. 1976లో ఆ ఎగుమతిని నిషేధించారు. తోళ్ల కోసం పాములు పట్టి బతికిన తమిళనాడు ఇరుల కుటుంబాలకు పని పోయింది. రెండేళ్లకు, 1978లో, వాళ్ల కోసమే చెన్నై దగ్గర ఒక సహకార సంఘం పెట్టారు. పామును పట్టడం, విషం తీయడం, మళ్లీ వదిలేయడం ఆ సంఘం పని. పాముకాటుకు ఆస్పత్రుల్లో ఇచ్చే మందు ఆ విషంతోనే తయారవుతుంది. 2000 నుంచి 2019 దాకా దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఈ అంకె తెలిశాక పాము చచ్చి ఇచ్చే తోలు విలువైనదా, బతికి ఇచ్చే విషం విలువైనదా అన్న వాదన నాకైతే అనవసరంగా తోస్తుంది.

“మరి కుబుసమో? అది పాము తనంతట తాను వదిలేసిందే కదా” అంటారు కొందరు. అటవీ శాఖను అడగకుండా దాని జోలికీ పోవద్దు. పోయినా దక్కేది తక్కువే. పాము రంగు చాలావరకు దాని ఒంటి మీదే ఉండిపోతుంది. కుబుసంలో మిగిలేది పొలుసుల గీతలున్న పల్చటి పొర మాత్రమే. దాన్ని వింటికి అంటిస్తే దగ్గరికొచ్చి వెలుగులో పట్టి చూస్తే తప్ప కనపడదు.

29 సెంటీమీటర్లు

ఇక అసలు లెక్క. విల్లు వీపు అంటే బాణం వెళ్లే వైపు చూసే ముఖం, మన వైపు ఉండేది కడుపు. పిడికి పైనొకటి కిందొకటి వంగే రెండు భాగాలను ఆటగాళ్లు లింబ్‌లు అంటారు. ఒక్కో లింబ్ 75 సెం.మీ. పొడవు, సగటు వెడల్పు 2.2 సెం.మీ. అనుకుందాం. రెండింటి వీపు కలిపి 330 చదరపు సెంటీమీటర్లు. చదరపు అడుగులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ.

బట్ట మందాన్ని వ్యాపారులు చెప్పే కొలత జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని. పాప్లిన్ బట్ట 100 ఉంటుంది. పల్చటి పట్టు 35 దాకా దిగుతుంది. సీటు కవర్లకు వాడే రెక్సిన్ 600 చుట్టూ తిరుగుతుంది. నమ్మకం లేకపోతే చదరపు అడుగు ముక్క కత్తిరించి కంసాలి కాటా మీద పెట్టండి. రెక్సిన్ 55 గ్రాముల దగ్గర, పాప్లిన్ 9 గ్రాముల దగ్గర ఆగుతాయి. మన వింటికి పట్టే కొలతకు తగ్గిస్తే రెక్సిన్ 20 గ్రాములు, పాప్లిన్ 3.3, పట్టు 1.2. వీటికి ఎండిన జిగురు మరో 2 గ్రాములు కలపాలి. పల్చగా రెండు పూతల రంగు వేస్తే అంతా కలిపి 2 గ్రాములే, జిగురు ఊసే లేదు.

ఈ గ్రాములు బాణాన్ని ఎలా తగులుకుంటాయో చూద్దాం. 45 పౌండ్లంటే 20.4 కిలోల లాగుడు. బిగించిన అల్లెతాడును దాదాపు 56 సెం.మీ. వెనక్కి లాగుతాం. మొదట సున్నా, చివర 20 కిలోలు కాబట్టి సగటు 10 కిలోలు. గుణిస్తే వింటిలో దాగే శక్తి 56 జౌళ్లు, అంటే కిలో ఉల్లిగడ్డల్ని అయిదున్నర మీటర్ల పైకి లేపేంత. ఇందులో బాణానికి చేరేది మూడింట రెండు వంతులే. మిగతాది లింబ్‌లను, తాడును కదిలించడానికే ఖర్చయిపోతుంది. ఆ లెక్కన 32 గ్రాముల బాణం సెకనుకు 48 మీటర్ల వేగంతో, గంటకు 170 కిలోమీటర్లకు పైగా, బయల్దేరుతుంది.

మధ్యలో మాయమయ్యే ఆ మూడో వంతుకు అమెరికన్ శాస్త్రవేత్తలు హిక్‌మన్, క్లాప్‌స్టెగ్ లాంటివాళ్లు ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలోనే లెక్క కట్టారు. బాణంతో పాటు కంటికి కనిపించని మరో బరువును కూడా విల్లు తోస్తోందనుకుంటే లెక్క సరిపోతుందని తేల్చి, దానికి వర్చువల్ మాస్ అని పేరు పెట్టారు. మన వింటికి అది సుమారు 15 గ్రాములు. విల్లు తోసేది 32 కాదు, 47 గ్రాములన్నమాట. వింటి వీపున మనం అంటించే ప్రతిదీ ఈ 15కు వచ్చి చేరుతుంది.

అంటించినదంతా చేరదు, అదొక్కటే ఊరట. పిడి దగ్గర విల్లు కదలదు కాబట్టి అక్కడ ఎంత బరువున్నా నష్టం లేదు. కొస దగ్గర పెట్టిన 1 గ్రాము నిండా 1 గ్రామే. లింబ్ సగం దూరంలో పెట్టినది పావు గ్రాము లెక్క, ఎందుకంటే అక్కడ వేగం సగమే, శక్తి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. లింబ్ పొడవునా సమంగా పరిచిన పొరలో మూడో వంతు బరువు లెక్కలోకి వస్తుందనుకోవచ్చు. ఇది ఉదారంగా వేసిన అంచనా. కొసల దగ్గర విల్లు సన్నబడుతుంది కాబట్టి నిజంలో ఇంకాస్త తక్కువే ఉంటుంది.

ఇప్పుడు గుణించండి. రెక్సిన్ అంటించిన విల్లు బాణాన్ని 48కి బదులు సెకనుకు 44.7 మీటర్ల వేగంతో వదులుతుంది. పాప్లిన్‌తో 47.1, పట్టుతో 47.5, రంగుతో 47.6 పైన. చూడ్డానికి చిన్న తేడాలే. 30 మీటర్ల దూరాన టార్గెట్ పెట్టి చూస్తే మాత్రం వాటి అసలు రూపం తెలుస్తుంది. ఒకే గురితో వదిలినప్పుడు, ఏ పొరా లేని విల్లు బాణం కంటే రెక్సిన్ విల్లు బాణం 29 సెం.మీ. కింద దిగుతుంది. పాప్లిన్ 7 సెం.మీ., పట్టు 4, రంగు 3. ఒలింపిక్స్‌లో వాడే 122 సెం.మీ. టార్గెట్ మీద ఒక్కో వలయం 6.1 సెం.మీ. వెడల్పు. రెక్సిన్ మనల్ని దాదాపు అయిదు వలయాల కిందకు దించుతుంది, రంగు అర వలయం దాటదు. గురి కాస్త పైకి పెట్టుకుంటే సరిపోదా అంటే సరిపోతుంది. కానీ పోయిన వేగం తిరిగి రాదు. బాణం పోగలిగే గరిష్ఠ దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 7 శాతం వేగం తగ్గితే దూరం 13 శాతం తగ్గుతుంది.

ఇంత మోసినందుకు రెక్సిన్ వింటికి బలమైనా ఇస్తుందా అంటే అదీ లేదు. మన విల్లు వెదురుదనుకుంటే, దాని బిరుసుతనం ముందు రెక్సిన్ సాగుడు ఏ మూలకు! 12 మి.మీ. మందం లింబ్ మీద మిల్లీమీటరు రెక్సిన్ పరిస్తే వింటి బిగువు 0.1 శాతం కూడా పెరగదు.

64 సెంటీమీటర్లు

అచ్చు బట్టకు ఇంకో తంటా ఉంది. రోటరీ స్క్రీన్ మీద అచ్చయ్యే బట్టలకు సిలిండరు చుట్టుకొలత సాధారణంగా 64 సెం.మీ. ప్రతి 64 సెం.మీ.కు, ఒక్కోసారి ఇంకా ముందే, డిజైను మళ్లీ మొదటికొస్తుంది. మన లింబ్ 75 సెం.మీ. కాబట్టి పిడి దగ్గర కనిపించిన మచ్చ కొస దగ్గర మళ్లీ పలకరిస్తుంది. పాము ఒంటి మీద ఏ రెండు మచ్చలూ ఒకేలా ఉండవు. కళ్లు ఈ తేడాను లెక్కపెట్టకపోయినా పట్టేస్తాయి.

పొలుసుల వరసలూ అంతే. నాగుపాము నడుము చుట్టూ 21 నుంచి 25 వరసలుంటాయి, రక్తపింజరకు 27 నుంచి 33, కొండచిలువకు 60 పైమాటే. కట్లపాముకు 15 దగ్గరే, వెన్ను మీది వరస మాత్రం మిగతా వాటికంటే పెద్దగా, ఆరు మూలలతో ఉంటుంది. తోక వైపు వెళ్లేకొద్దీ ఒళ్లు సన్నబడుతుంది, వరసలు తగ్గుతాయి, పొలుసు చిన్నదవుతుంది. అచ్చు రెక్సిన్ మీద పొలుసు మొదటి నుంచి చివరి దాకా ఒకే సైజు. విల్లేమో పిడి దగ్గర 3 సెం.మీ., కొస దగ్గర సెంటీమీటరు పైచిలుకు. విల్లు సన్నబడి పొలుసు సన్నబడకపోతే అది పాములా కనబడదు, సోఫా అంచులా కనబడుతుంది.

ఒక వల సంచి

మలక్‌పేట గంజ్‌కు ఉల్లిగడ్డల లారీలు రావడం నగరంలో ఎవరికీ కొత్త సంగతి కాదు. ఉల్లి గోనెసంచుల్లోనూ వస్తుంది, ఎర్రటి ప్లాస్టిక్ వల సంచుల్లోనూ వస్తుంది. మనకు కావలసింది రెండోది. దాని కన్నాలు ఎక్కువగా 2 నుంచి 5 మి.మీ. మధ్య ఉంటాయి. పొలుసుకు కావలసిన కొలత సరిగ్గా అదే. సంచిని చదరంగా పరిస్తే కన్నాలు చదరాలు. ఐమూలగా లాగితే సాగి డైమండ్లవుతాయి. ఇంకా లాగితే డైమండ్లు సన్నగా, పొడుగ్గా మారతాయి. పిడి దగ్గర కొంచెం వదులుగా, కొస వైపు బిగువుగా లాగి కట్టారనుకోండి, పొలుసు తనంతట తానే పెద్ద నుంచి చిన్నకు దిగుతుంది. ఫ్యాక్టరీ అచ్చుకు చేతకాని పని ఉల్లి సంచి చేసిపెడుతుందన్నమాట.

పని వరస కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తారుమారు చేస్తారు. విల్లు మీద ముందుగా వేసేది పొలుసు రంగు కాదు, పొలుసుల సందుల రంగు. దారం అడ్డుపడ్డ చోట కింది రంగు మిగులుతుంది, కన్నం ఉన్న చోట పై రంగు పడుతుంది. జెర్రిపోతు కావాలంటే కింద ముదురు గోధుమ, పైన ఆకుపచ్చ కలిసిన లేత గోధుమ. కింది పూత పూర్తిగా ఆరాక వల బిగించి, వీపు మీద ఎక్కడా లేవకుండా అంచుల వెంట బట్టల క్లిప్పులు పెట్టాలి. వల లేచిన చోట రంగు కిందికి పాకి పొలుసులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. స్ప్రే డబ్బాను 25 నుంచి 30 సెం.మీ. దూరంలో పట్టుకుని, ఆపకుండా, పల్చగా రెండు సార్లు దువ్వినట్టు కొట్టాలి. డబ్బా లేకపోతే స్పాంజి ముక్కతో అద్దినా పని జరుగుతుంది, చుక్కలు మాత్రం కొంచెం మొరటుగా వస్తాయి.

ఇప్పుడే వల తీయకండి. మచ్చలు వల మీదుగానే వేయాలి. పాత ఎక్స్‌రే ఫిల్మును మచ్చల ఆకారంలో కోసి, వల మీద పెట్టి, ముదురు రంగు కొడితే మచ్చ లోపల కూడా పొలుసుల గీతలు నిలుస్తాయి. వల తీసేశాక మచ్చ వేస్తే అది పాము మీద మచ్చలా ఉండదు, గోడ మీద సిరా మరకలా ఉంటుంది. రక్తపింజరకు మూడు వరసల్లో నిలువు కోడిగుడ్డు మచ్చలు. వింటి వెడల్పుకు మధ్య వరస పూర్తిగా, పక్క వరసలు సగం సగం పట్టుకుంటాయి, అసలు తోలు పరిచినా అంతే కనబడుతుంది. కొండచిలువకు అంచులు వంకరగా ఉన్న పెద్ద మచ్చలు. చేతివాటం ఇంకా కుదరనివాళ్లు కట్లపాముతో మొదలుపెట్టొచ్చు. నల్లటి ఒళ్లు, సన్నటి తెల్లటి అడ్డగీతలు, గీతలు చాలాచోట్ల జంటలుగా ఉంటాయి. టేపు ముక్కలతోనే పని అయిపోతుంది.

రంగు మీద మోజు లేదు, బట్టే కావాలంటే పట్టు తీసుకోండి. మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డెక్కితే పోచంపల్లి ఎంతో దూరం లేదు. ఇకత్ డైమండ్లు, వాటి చెదిరిన అంచులు చూస్తే కొండచిలువ మచ్చలు గుర్తుకు రాక మానవు. చిరిగిన పాత చీర అంచుతో పని నడుస్తుంది. పాము వేషం అక్కర్లేదు, పోచంపల్లిగానే ఉండనివ్వండి అన్నా నేను ఒప్పుకుంటా.

1 శాతం

విల్లు పూర్తిగా లాగినప్పుడు వీపు సాగుతుంది, కడుపు ముడుచుకుంటుంది. 12 మి.మీ. మందం లింబ్ 70 సెం.మీ. వ్యాసార్థంతో వంగితే వీపు 0.9 శాతం దాకా సాగుతుంది. వంగే భాగం 60 సెం.మీ. అనుకుంటే అయిదు మిల్లీమీటర్ల పైనే. ప్రతి బాణానికీ ఇంత సాగి వెనక్కి రాగలిగిన పొరే నిలుస్తుంది. గట్టిగా, గాజులా ఆరే పెయింట్లు, లక్కలు కొన్నాళ్లకే అడ్డంగా వెంట్రుకవాసి చీలికలు వేస్తాయి. పగుళ్లు పడ్డ పొలుసు పాతకాలపు అందం అని సర్దిచెప్పుకునేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను, ఎందుకంటే పైపూతలో పగులుకూ చెక్కలో పగులుకూ తేడా దూరం నుంచి తెలియదు. చెక్క పగిలితే విల్లు చేతిలోనే విరుగుతుంది. పైన పూత వేసే ముందు వీపును వేలితో తడిమి చూసుకోవడం, పూత వేశాక కూడా పగులు కనబడితే ముందు అనుమానించడం మంచిది.

వెదురు విల్లుకు అసలు వీపు పొర అవసరమే లేదు. వెదురులో నారంతా బయటి పెచ్చు వైపు ఒత్తుగా ఉంటుంది, సాగుడును తట్టుకోవడానికి అంతకంటే మంచి తోలు దొరకదు. నల్లమల చెంచులైనా మన్యం కోయలైనా బొంగు విల్లుకు తోలు తొడగకపోవడంలో ఆశ్చర్యం లేదు. పలకగా కోసిన చెక్కకు, నార మధ్యలో తెగిన చోట, నార బట్టో పచ్చితోలో అంటిస్తే చీలిక లేవకుండా పట్టుకుంటుంది. అది బలానికి వేసే పొర. పాము వేషం అందానికి వేసేది. రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్లే కొందరు పగులు పట్టిన వింటికి రెక్సిన్ చుట్టి నిశ్చింతగా లాగుతుంటారు. అది నిజంగా ప్రమాదం.

వెదురు పెచ్చు మీద మైనంలాంటి మెరుపుంటుంది. దాని మీద ఏ రంగూ ఏ జిగురూ పట్టదు. 120 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా మాత్రమే రుద్దాలి, నార కనపడేదాకా కాదు. నార తెగితే వింటి ఆయుష్షు తెగినట్టే. కణుపుల దగ్గర ఉబ్బును చెక్కేయాలన్న ఆశా వద్దు, అక్కడ నార వంపు తిరిగి ఉంటుంది. బట్ట అంటించేవాళ్లకు ముడతలు పడేది ఆ కణుపుల మీదే. రంగుకు ఆ బాధ లేదు. బట్టే అంటించాలనుకుంటే నీటిని తట్టుకునే ఫెవికాల్ మెరైన్ లాంటి చెక్క జిగురు పల్చగా రాసి, 24 గంటలు ఆరనివ్వాలి. చెప్పులకు, రెక్సిన్‌కు వాడే రబ్బరు జిగురు ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. మే నెల ఎండలో మూసిన కారులో విల్లు వదిలేస్తే ఆ పొర జారి పక్కకు వస్తుంది.

6 నుంచి 16

గాలిలో తేమ 30 శాతం ఉంటే చెక్క తనలో 6 శాతం దాకా తేమ దాచుకుంటుంది. 80 శాతం ఉంటే అది 16 దాకా పోతుంది. హైదరాబాద్ ఏప్రిల్ మధ్యాహ్నానికీ ఆగస్టు ముసురుకూ మధ్య ఉన్న దూరం సుమారుగా ఇదే. తేమ ఎక్కిన విల్లు మెత్తబడుతుంది, లాగి వదిలితే వంపు పూర్తిగా పోదు. మరీ ఎండిన విల్లు పెళుసవుతుంది. ఏ పూతా తేమను పూర్తిగా ఆపదు, ఆలస్యం చేస్తుంది, అంతే. కానీ ఆ ఆలస్యం నాలుగు ముఖాలకూ ఉండాలి. వీపుకు పాము వేషం వేసి, కడుపును పచ్చి చెక్కగా వదిలేస్తే తేమ అటునుంచి దర్జాగా వస్తుంది. సాగే గుణమున్న పాలీయురేథేన్ వార్నిష్ విల్లు చుట్టూ రెండు పూతలు చాలు.

ఈ సంగతి పాతకాలపు వాళ్లకు బాగా తెలుసు. మొగలాయి, దక్కనీ సైన్యాలు వాడిన కమాన్లలో మధ్యలో చెక్క, కడుపు వైపు కొమ్ము, వీపు వైపు జంతువుల నరం ఉండేవి. వీటిని పట్టి ఉంచేది జంతు జిగురే. తేమ తగిలితే ఆ జిగురు వదిలేస్తుంది కాబట్టి పైన పల్చటి తోలో భూర్జపత్రం పట్టో చుట్టి, దాని మీద బంగారు పూలు, లతలు వేసి లక్క పూసేవారు. ముందు కాపుదల, తర్వాతే అందం. విల్లులకు గిరాకీ పోయాక కచ్‌లో విల్లు చేసే కమాన్‌గర్లు గోడల మీద బొమ్మలు వేయడానికి మళ్లారు. కమాన్‌గరీ చిత్రకళ అని ఇప్పుడు పిలిచేది దాన్నే. మలక్‌పేట పక్కనే మూసారాంబాగ్ గుట్ట మీద నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. 1798లో చనిపోయిన ఆయన హైదరాబాద్‌లో ఫిరంగులు పోయించాడు. ఆ ఫిరంగుల కాలంలోనే కమాన్ల కాలం ముగిసింది.

నేటి పోటీల్లో ఈ ముచ్చటకు చోటు తక్కువ. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచిన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ పట్టేది కప్పీలతో, తీగలతో నడిచే కాంపౌండ్ విల్లు. మన దగ్గర వెదురు, చెక్క విల్లులతో ఆడేవాళ్లకు ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది. అంతర్జాతీయ నియమాల ప్రకారం సామగ్రి మీద అడవిలో కలిసిపోయేలా ఉండే కామోఫ్లాజ్ రంగులు కూడదు. కొండచిలువ మచ్చలు ఒక జడ్జికి అలంకారంగా, మరో జడ్జికి కామోఫ్లాజ్‌గా కనబడొచ్చు. పోటీకి తీసుకెళ్లే ముందు నిర్వాహకులకు చూపించి అడగండి. ఇంకో మాట. నకిలీని నకిలీ అనే చెప్పండి. అసలు పాముతోలని గొప్పలు పోతే, ఎవరైనా నమ్మి అటవీ శాఖకు ఫోన్ చేస్తే, ఉల్లి సంచితో వేసిన రంగని నిరూపించుకునే పని మీ నెత్తినే పడుతుంది. నిజంగానే ఎవరైనా అసలు తోలు అమ్మజూపితే ఆ ఫోన్ మీరే చేయండి.

వరస పెట్టమంటే నా తీర్పు ఇది. మొదట వల మీదుగా వేసిన రంగు, రెండోది పట్టు, ఓపిక లేకపోతే పాప్లిన్. బట్ట ఏదైనా కొసల దగ్గర చివరి 10 సెం.మీ. వదిలేసి అక్కడ రంగుతో సరిపెట్టండి. ఒక్కో గ్రామూ వేగాన్ని ఎక్కువగా తినేది అక్కడే. పాముచర్మం రెక్సిన్ మీద మరీ మనసు పడితే దాంతో అంబులపొది కుట్టించుకోండి. అది భుజాన వేలాడేది కాబట్టి ఎంత బరువున్నా బాణం వేగం తగ్గదు.